చిన్న బడ్జెట్ కామిక్ శైలి యాక్షన్ చిత్రాలు

బొమ్మల కథల పుస్తకం పేజీలు తిప్పుతున్నట్టు అనిపించేలా, పరిమితమైన సొమ్ముతో తీసిన పోరాట చిత్రాలది ప్రపంచ సినిమాలో ఒక ప్రత్యేక శాఖ. ముసుగు వీరుడు, మతి చెడిన శాస్త్రవేత్త, నేలమాళిగలో స్థావరం, ఒక్క గుద్దుకు గోడ అవతల పడే రౌడీ, ముదురు రంగులు, వంకర కోణాలు ఇందులో తరచూ కనిపించే సరంజామా. 1930లలో అమెరికాలోని వారంవారీ సీరియళ్లతో మొదలైన ఈ శాఖ ఇటలీ, మెక్సికో, టర్కీ, జపాన్, హాంకాంగ్‌లలో ఎక్కడికక్కడ తన దారిన ఎదిగింది. వీడియో క్యాసెట్ల కాలంలో ఇళ్లలోకి వచ్చింది. చేతికి అందే వీడియో కెమెరా వచ్చాక ఉగాండాలోని పేటల నుంచి మహారాష్ట్రలోని మరమగ్గాల వీధుల దాకా పాకింది.

వీటిలో చాలా సినిమాలను విడుదలైన రోజుల్లో విమర్శకులు పట్టించుకోలేదు. ప్రేక్షకులు మాత్రం వదల్లేదు. ఈ అభిమానాన్ని ‘చవకబారు సరదా’ అని కొట్టిపారేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. కామిక్ పుస్తకం స్వతహాగా చౌక కళ: నాసిరకం కాగితం, నాలుగు రంగులు, లెక్కపెట్టిన పేజీలు. ముఖ్యమైనది గీసి, మిగతాది చదివేవాడి ఊహకు వదిలేయడం దాని పద్ధతి. చేతిలో డబ్బు లేని దర్శకుడు చేసేదీ అదే. ఈ చిత్రాలకు కామిక్‌తో ఉన్నది కథల అరువు మాత్రమే కాదు, పుట్టుకలోనే ఉన్న చుట్టరికం.

పరిధి

ఈ శాఖలోకి వచ్చే చిత్రాలను మూడు తెగలుగా చూడవచ్చు. అచ్చయిన కామిక్ నుంచి హక్కులు కొని తీసినవి మొదటివి. ఏ పుస్తకం ఆధారమూ లేకుండా కామిక్ నడకలో కొత్తగా రాసుకున్నవి రెండోవి. శామ్ రైమీ ‘డార్క్‌మాన్’ (1990) ఇందుకు మంచి ఉదాహరణ. ఎవరినీ అడగకుండా పరాయి వీరులను తెచ్చుకుని తీసినవి మూడోవి. టర్కీ సినిమా వీటికి పుట్టినిల్లు.

‘చిన్న బడ్జెట్’ అన్నది కాలాన్ని, దేశాన్ని బట్టి మారే కొలత. 1992లో వచ్చిన ‘ఎల్ మరియాచి’ షూటింగు సుమారు 7 వేల డాలర్లతో ముగిసింది. 1990 నాటి ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’కు సుమారు 1.35 కోట్ల డాలర్లు పట్టాయి. రెంటి మధ్య రెండువేల రెట్ల తేడా ఉన్నా, హాలీవుడ్ పెద్ద సంస్థల లెక్కల పక్కన రెండూ చిన్న సినిమాలే. రిచర్డ్ డానర్ ‘సూపర్‌మాన్’ (1978) తర్వాత వందలమంది నిపుణులతో, భారీ ఖర్చుతో తయారైన సూపర్ హీరో చిత్రాలు ఈ వ్యాసం పరిధిలోకి రావు. అయితే వాటిని తీసిన దర్శకుల్లో కొందరు ఈ చిన్న బడిలోనే చదువుకున్నారు.

సీరియళ్ల కాలం

1938 జూన్ సంచికగా వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి పుస్తకం ధర పది సెంట్లు. సూపర్‌మాన్ అందులోనే పుట్టాడు. ఆ పుస్తకాలు కొనే పిల్లలే శనివారం మధ్యాహ్నం ఆటకు వెళ్లి, వారానికొక భాగంగా వచ్చే సీరియళ్లను చూసేవారు. ప్రతి భాగం చివర వీరుడు లోయ అంచున వేలాడుతూ ఉండగా బొమ్మ ఆగిపోయేది. ‘తరువాయి వచ్చే వారం’ అన్న దినపత్రిక బొమ్మల వరుస కిటుకే తెరమీదికి వచ్చింది.

అలెక్స్ రేమండ్ బొమ్మల కథ ఆధారంగా యూనివర్సల్ సంస్థ 1936లో తీసిన 13 భాగాల ‘ఫ్లాష్ గోర్డన్’ సీరియళ్లలో ఖరీదైనదే. అందులోనూ ఆ సంస్థ అంతకుముందు తీసిన భయానక చిత్రాల సెట్లు, సంగీతం మళ్లీ వాడుకున్నారు. రిపబ్లిక్ సంస్థ 1941లో విలియం విట్నీ, జాన్ ఇంగ్లిష్ దర్శకత్వంలో తీసిన ‘అడ్వెంచర్స్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్’ 12 భాగాలు. కామిక్ పుస్తకంలోని సూపర్ హీరోను తెరకెక్కించిన మొదటి చిత్రం ఇదే. వీరుడు ఎగిరే దృశ్యాల కోసం లైడెకర్ సోదరులు మనిషికంటే కాస్త పెద్ద బొమ్మను తయారుచేసి, తీగల మీద జారవిడిచారు. గాలిలోకి లేచేటప్పుడు, నేలమీద దిగేటప్పుడు మాత్రం స్టంట్ కళాకారుడు డేవ్ షార్ప్ దూకేవాడు. బొమ్మ, మనిషి, మళ్లీ బొమ్మ. మధ్య అతుకును చూసేవారి కన్నే పూడ్చుకునేది.

కొలంబియా సంస్థ 1948లో ‘సూపర్‌మాన్’ సీరియల్ తీసినప్పుడు ఆ మాత్రం తీగలు కూడా వాడలేదు. పొదుపుకు పేరుపడ్డ నిర్మాత శామ్ కాట్జ్‌మన్ హయాంలో, నటుడు కిర్క్ ఆలిన్ చేతులెత్తి నిలబడగానే అతని చోట గీసిన కార్టూన్ బొమ్మ వచ్చి ఆకాశంలోకి ఎగిరేది. ఆనాటి పిల్లలకు కూడా అది బొమ్మేనని తెలుసు. కామిక్ పుస్తకంలో చూసేదీ బొమ్మే కాబట్టి, వాళ్లకు అది పరాయి వస్తువులా అనిపించి ఉండదు.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగింది. 1943 నాటి ‘బ్యాట్‌మాన్’ సీరియల్లో నిలువు గడియారం వెనక దారి గుండా వెళ్లే గుహ ఒకటి కనిపిస్తుంది. తెర కోసం కట్టిన ఆ గుహ కామిక్‌లోకి వెళ్లి, బ్యాట్‌మాన్ కథకు విడదీయరాని భాగమైంది. అదే సీరియల్‌ను 1965లో అన్ని భాగాలూ కలిపి మళ్లీ విడుదల చేస్తే, యువకులు పగలబడి నవ్వుతూ చూశారు. ఆ మరుసటి ఏడు వచ్చిన టీవీ ధారావాహిక ఆ నవ్వును మొదటి నుంచే కథలో కలుపుకుంది. గుద్దు పడ్డప్పుడల్లా చప్పుడును అక్షరాలుగా తెరమీద వేయడం దానితోనే ప్రసిద్ధమైంది. తర్వాతి సీజన్లలో ఖర్చు తగ్గించడానికి, పోరాట దృశ్యంపైనే అక్షరాలు వేయడం మాని, విడిగా రంగు కార్డులు చూపించసాగారు. చూసేవాళ్లకు అదీ కామిక్ ముద్రగానే నిలిచిపోయింది.

ఇటలీ, మెక్సికో, టర్కీ

ఇటలీలో ఏంజెలా, లూచానా జుస్సానీ అనే అక్కచెల్లెళ్లు 1962లో ‘డయాబాలిక్’ అనే ముసుగు దొంగను సృష్టించారు. జేబులో పట్టే ఆ చిన్న పుస్తకాల ఆధారంగా మారియో బావా 1968లో ‘డేంజర్: డయాబాలిక్’ తీశాడు. నిర్మాత డీనో డి లారెంటిస్ కేటాయించిన సొమ్ములో చాలా భాగం మిగిల్చి సినిమా పూర్తిచేశాడని బావాకు పేరు. ఆయన ఛాయాగ్రాహకుడిగా ఎదిగినవాడు. దొంగ ఉండే విశాలమైన భూగర్భ మందిరంలో కట్టిన సెట్టు కొంతే. మిగతాదంతా అద్దం మీద గీసి కెమెరా ముందు నిలబెట్టిన బొమ్మ. అలమర గళ్లను, మంచం చట్రాలను ముందు పెట్టి, వాటి సందుల్లోంచి నటులను చూపిస్తూ తెరను కామిక్ పేజీలాగా గడులుగా విడగొట్టాడు. అదే నిర్మాత అదే ఏడాది చాలా ఎక్కువ ఖర్చుతో తీయించిన ‘బార్బరెల్లా’ పక్కన పెట్టి చూస్తే, కామిక్ నాడి బావాకు ఎంత బాగా దొరికిందో తెలుస్తుంది.

మెక్సికోలో వీరుడు పుస్తకంలోంచి కాదు, కుస్తీ గోదాలోంచి వచ్చాడు. వెండి ముసుగుతో 1942 నుంచి పోటీలకు దిగిన ఎల్ శాంతో మీద 1952లో హోసే జి. క్రూజ్ ఫొటోలు, గీతలు కలిపిన కామిక్ మొదలుపెట్టాడు. తర్వాత సినిమాలు వచ్చాయి. యాభైకి పైగా చిత్రాల్లో ఆయన రక్తపిశాచులతో, రాక్షసులతో, పిచ్చి శాస్త్రవేత్తలతో తలపడ్డాడు. కథ మధ్యలో ఆగి గోదాలో పూర్తి కుస్తీ పట్టు ఒకటి జరగడం ఆ చిత్రాల ఆనవాయితీ. నిర్మాతకు అది ఉన్న సెట్టులో తేలిగ్గా తీయగల పది నిమిషాలు, ప్రేక్షకుడికి టిక్కెట్టు కొన్న అసలు కారణం. 1984లో మరణించినప్పుడు ఆయన్ని ముసుగుతోనే ఖననం చేశారు. గోదాలో మనిషి, కామిక్‌లో బొమ్మ, తెరమీద వీరుడు చివరికి ఒకే ముఖంగా మిగిలారు.

టర్కీలో ఇటలీ ఫొటో కామిక్ ఆధారంగా ఇల్మాజ్ అటాదెనిజ్ 1967లో ‘కిలింక్ ఇస్తాంబుల్‌దా’ తీశాడు. అస్థిపంజరం బట్టలు తొడుక్కున్న దుండగుడు అందులో కేంద్రం. 1973 నాటి ‘ఉచ్ దేవ్ ఆదమ్’ మరీ దూరం వెళ్లింది. కెప్టెన్ అమెరికా, మెక్సికో శాంతో కలిసి ఇస్తాంబుల్‌కు వస్తారు. వాళ్లు పట్టుకోవలసిన ముఠా నాయకుడు స్పైడర్‌మాన్. ఎవరి అనుమతీ లేదు, ఎవరికీ పైసా కట్టలేదు. 1982లో వచ్చిన ‘దున్యాయీ కుర్తరాన్ ఆదమ్’ అమెరికా ‘స్టార్ వార్స్’ లోని అంతరిక్ష దృశ్యాలనే కత్తిరించి అతికించుకుంది. న్యాయం దృష్టిలో ఇది దొంగతనమే. పిల్లలు ఆడుకునేటప్పుడు ఏ బొమ్మల పెట్టెలోని వీరుణ్ణయినా ఏ కథలోకైనా దించే స్వేచ్ఛ కూడా అందులో ఉంది. ఇప్పటికీ వాటిని వెతుక్కుని చూసేవారికి ఆ స్వేచ్ఛే మందు.

జపాన్, హాంకాంగ్

జపాన్‌లో మాంగా అనే అక్కడి కామిక్‌కు, చిన్న సినిమాకు పొత్తు తొందరగా కుదిరింది. కజువో కోయికే రచన, గోసేకి కోజిమా బొమ్మలతో వచ్చిన సమురాయి కథ ‘లోన్ వుల్ఫ్ అండ్ కబ్’ 1972 నుంచి 1974 లోపు ఆరు సినిమాలైంది. పసివాడిని చెక్కబండిలో తోసుకుంటూ తిరిగే తండ్రి, పిచికారీలా చిమ్మే రక్తం, కత్తి దూసే ముందు బిగుసుకునే నిశ్శబ్దం అన్నీ మాంగా పేజీల లయనే పాటించాయి. తొలి రెండు చిత్రాలను కలిపి కుదించి ‘షోగన్ అసాసిన్’ పేరుతో 1980లో అమెరికాలో విడుదల చేశారు.

హాంకాంగ్‌లో షా బ్రదర్స్ సంస్థ 1975లో జపాన్ టీవీ వీరుల వరవడిలో ‘సూపర్ ఇన్‌ఫ్రామాన్’ తీసింది. 1991 నాటి ‘రికీ-ఓ’ జపాన్ మాంగా నుంచి వచ్చిన జైలు కథ. అందులో దెబ్బలు శరీరశాస్త్రానికి లొంగవు. పిడికిలి మనిషిలోంచి అవతలికి దూసుకుపోతుంది. మైనం, రబ్బరు, రంగునీళ్లు కళ్లముందే తెలిసిపోతుంటాయి కాబట్టే చాలామంది ఆ ఘోరాన్ని భయంతో కాక నవ్వుతో భరిస్తారు.

చిన్న సంస్థలు, వీడియో క్యాసెట్లు

అమెరికాలో అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ సంస్థ ముందు పేరు, పోస్టరు సిద్ధం చేసుకుని, ఆసక్తి కనబడితేనే సినిమా తీసేది. కామిక్ పుస్తకానికి అట్ట ఎంత ముఖ్యమో ఈ వ్యాపారానికి పోస్టరు అంత ముఖ్యం. ఆ సంస్థకు ఎన్నో చిత్రాలు తీసిచ్చిన రోజర్ కార్మన్, తర్వాత సొంత సంస్థ నుంచి ‘డెత్ రేస్ 2000’ (1975) నిర్మించాడు. దారిన పోయేవాళ్లను కారుతో గుద్దితే పాయింట్లు వచ్చే భావికాలపు పందెం అది. మొసలి పళ్లలాంటి పళ్లు, కొమ్ములు తగిలించిన కార్లతో తీసిన ఆ చిత్రం నిజానికి టీవీ మోజు మీద, అధికారం మీద వెటకారం. సిల్వెస్టర్ స్టాలోన్ అందులో ప్రతినాయకుడు.

లాయిడ్ కాఫ్‌మన్, మైఖేల్ హెర్జ్‌ల ట్రోమా సంస్థ 1984లో ‘ది టాక్సిక్ అవెంజర్’ తీసింది. విషరసాయనాల పీపాలో పడి వికృతరూపం పొందిన బక్కపలచని కుర్రాడు ఊరి దుర్మార్గుల పని పడతాడు. కామిక్‌ను అనుకరిస్తూ పుట్టిన ఆ పాత్రతో 1991లో మార్వెల్ సంస్థే కామిక్ వేసింది; పిల్లల కార్టూన్ ధారావాహిక కూడా వచ్చింది. శామ్ రైమీకి ‘ది షాడో’ వంటి పాత వీరుల హక్కులు దొరకలేదు. దాంతో సొంత వీరుణ్ణి సృష్టించుకుని ‘డార్క్‌మాన్’ తీశాడు. పన్నెండేళ్ల తర్వాత ‘స్పైడర్‌మాన్’ ఆయన చేతికే వచ్చింది.

ఈ కాలంలో అనూహ్యమైన గెలుపు ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’ది. కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ 1984లో సొంతంగా అచ్చువేసుకున్న నలుపు తెలుపు కామిక్ దానికి మూలం. హాంకాంగ్‌కు చెందిన గోల్డెన్ హార్వెస్ట్ నిర్మించిన ఆ చిత్రం ప్రపంచవ్యాప్తంగా సుమారు 20 కోట్ల డాలర్లు వసూలు చేసింది. జిమ్ హెన్సన్ శాలలో తయారైన తాబేళ్ల తొడుగుల్లో మనుషులు చెమటలు కక్కుతూ నటించారు.

అపజయాల్లో విచిత్రమైనది ‘ది ఫెంటాస్టిక్ ఫోర్’. జర్మనీకి చెందిన కాన్‌స్టాంటిన్ సంస్థ చేతిలో ఉన్న హక్కులు 1992 చివరిలోగా షూటింగ్ మొదలుపెట్టకపోతే చేజారతాయి. అందుకని సుమారు పది లక్షల డాలర్లతో కార్మన్ చేత హడావుడిగా తీయించారు. ప్రచారం సాగింది, నటులు ఊళ్లు తిరిగారు, సినిమా మాత్రం అధికారికంగా విడుదల కాలేదు. దొంగ క్యాసెట్లలో తిరిగి తిరిగి అదే ఒక పురాణమైంది.

ఏడువేల డాలర్ల నుంచి యూట్యూబ్ దాకా

రాబర్ట్ రోడ్రిగెజ్ టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో విద్యార్థుల దినపత్రికకు ‘లోస్ హూలిగన్స్’ అనే బొమ్మల వరుస గీసేవాడు. సరిహద్దుకు అవతలి మెక్సికో పట్టణం సియుదాద్ అకూన్యాలో రెండు వారాల్లో ‘ఎల్ మరియాచి’ తీశాడు. మందుల ప్రయోగాలకు తన శరీరాన్ని అప్పగించి సంపాదించిన సొమ్ము కొంత అందులో పెట్టాడు. ట్రాలీ బదులు చక్రాల కుర్చీలో కూర్చుని కెమెరా పట్టాడు. దొరికిన తుపాకులు ఉత్తుత్తి తూటాలతో ఒక్కసారి పేలి ఆగిపోయేవి. ఆ ఒక్క పేలుడునే వేర్వేరు కోణాల్లో తీసి, కత్తిరించి, వెనక ఎడతెగని చప్పుడు కలిపాడు. తెరమీద అది మరతుపాకీ అయింది. స్పానిష్ వీడియో మార్కెట్ కోసం తీసిన ఆ చిత్రాన్ని కొలంబియా సంస్థ కొని థియేటర్లలో వేసింది.

అదే దర్శకుడు కామిక్ చిత్రకారుడు ఫ్రాంక్ మిల్లర్‌తో కలిసి 2005లో ‘సిన్ సిటీ’ తీసేనాటికి ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లకు పెరిగింది. పద్ధతి మాత్రం పాతదే. గ్రీన్ మ్యాట్ ముందు నటులను నిలబెట్టి, మిల్లర్ పేజీలనే షాట్లుగా అనువదించాడు. నలుపు తెలుపులో ఒక్క పెదవి ఎరుపు, ఒక్క దుండగుడి పసుపు.

2010ల్లో ఈ దారిలో రకరకాల ప్రయత్నాలు వచ్చాయి. ‘క్రానికల్’ (2012) అతీతశక్తులు వచ్చిన ముగ్గురు కుర్రాళ్ల కథను వాళ్ల చేతి కెమెరాతో చూపించి, 1.2 కోట్ల డాలర్లకు పది రెట్లు రాబట్టింది. ‘డ్రెడ్’ (2012) కథంతా ఒకే ఆకాశహర్మ్యంలో బిగించి, కథానాయకుడి శిరస్త్రాణం ఒక్కసారి కూడా తీయలేదు. థియేటర్లలో నష్టపోయినా ఇళ్లలో అభిమానులను కూడగట్టుకుంది. లీ వానెల్ ‘అప్‌గ్రేడ్’ (2018)లో నటుడి ఒంటికి ఫోన్ కట్టి, దాని కదలికలకు కెమెరాను ముడిపెట్టారు. మనిషి ఎటు వాలితే తెర అటే వాలుతుంది. స్వీడన్‌కు చెందిన డేవిడ్ సాండ్‌బర్గ్ ‘కుంగ్ ఫ్యూరీ’ (2015) కోసం అభిమానుల నుంచి సుమారు 6.3 లక్షల డాలర్లు చందాగా పోగుచేసి, అరగంట చిత్రాన్ని యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాడు.

వీటన్నిటికంటే తక్కువలో తీసినది ఉగాండా చిత్రం ‘హూ కిల్డ్ కెప్టెన్ అలెక్స్?’ (2010). కంపాలా శివారు వాకాలిగాలో ఐజాక్ నబ్వానా ఇనుప తుక్కుతో చేయించిన తుపాకులు, తాను విడిభాగాలతో కూర్చుకున్న కంప్యూటర్‌లో చేసిన గ్రాఫిక్స్‌తో దీన్ని తీశాడు. ఖర్చు రెండువందల డాలర్లు దాటలేదని చెబుతారు. కంప్యూటర్‌లో చోటు చాలక అసలు ప్రతిని చెరిపేశాడు. ఇప్పుడు దొరికేది, ఆ దేశపు వీడియో హాళ్ల ఆచారం ప్రకారం వ్యాఖ్యాత మధ్యమధ్య అరుస్తూ, హాస్యమాడుతూ, వీరుణ్ణి పొగుడుతూ చెప్పే ప్రతి. కామిక్ గడి మీద పసుపు పట్టీలో ఉండే మాటలు ఇక్కడ మనిషి గొంతుతో వినిపిస్తాయి.

పనితనం

ఈ చిత్రాల పద్ధతులను వరసగా చూస్తే ప్రతి కిటుకూ రెండు పనులు చేస్తుంది: డబ్బు మిగుల్చుతుంది, బొమ్మను కామిక్‌కు దగ్గర చేస్తుంది.

ముసుగు వీటిలో మొదటిది. ముఖం కనబడకపోతే డూప్ చేత ఎన్ని ఫైట్లయినా చేయించవచ్చు, కథానాయకుడి కాల్షీట్లు తగ్గుతాయి. చూసేవాడు తన ముఖాన్నే ఆ ముసుగులో పెట్టుకోగలడు. చీకటి రెండోది. సెట్టులో సగం నీడలో ఉంటే కట్టవలసింది సగమే. నల్లసిరా దట్టంగా పరిచే కామిక్ చిత్రకారుడి అలవాటూ అదే. రంగు కాగితాలు అడ్డుపెట్టిన దీపాలు మూడోవి. ఒక గోడను ఎరుపుగా, మరో గోడను నీలంగా మార్చితే ఒకే గది రెండు స్థావరాలవుతుంది.

కెమెరా చలనంలోనూ ఇదే తెలివి. శామ్ రైమీ ‘ఈవిల్ డెడ్’ (1981) రోజుల్లో పలక మీద కెమెరా బిగించి, ఇద్దరు చెరో కొస పట్టుకుని అడవిలో పరుగెత్తారు. కనబడని దెయ్యం చూపు అలా పుట్టింది. నేలబారు కోణం పొట్టి నటుణ్ణి కొండంత చేస్తుంది. వెడల్పాటి లెన్సు దగ్గరికి వచ్చిన పిడికిలిని తలకాయంత చేస్తుంది.

వీటన్నిటికంటే కీలకమైనది కత్తిరింపు. అమెరికా చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్ గురించి కామిక్ రూపంలోనే రాసిన పుస్తకంలో, రెండు గడుల మధ్య తెల్లటి ఖాళీని ఆ కళకు గుండెకాయగా వివరించాడు. ఒక గడిలో గొడ్డలి లేస్తుంది, తర్వాతి గడిలో కేక వినిపిస్తుంది. దెబ్బ వేసేది మాత్రం చదివేవాడే. ‘కెప్టెన్ మార్వెల్’ బొమ్మకూ మనిషికీ మధ్య అతుకు, ‘ఎల్ మరియాచి’ ఒక్క తూటాకూ మరో తూటాకూ మధ్య కత్తిరింపు అలాంటి ఖాళీలే. ఖరీదైన గ్రాఫిక్స్ ఆ ఖాళీని పూర్తిగా పూడ్చేసి అంతా చూపిస్తాయి. చిన్న సినిమాకు ఆ స్తోమత లేదు కనుక ప్రేక్షకుడికి పని మిగులుతుంది.

ఆకర్షణకు కారణాలు

ఆ మిగిలిన పనే ఆకర్షణకు మొదటి కారణం. ఊహలో పాలుపంచుకున్నవాడికి సినిమాలో వాటా ఉన్నట్టు ఉంటుంది. రెండోది, చేతిపని కనబడటం. తొడుగు కుట్టు, మినియేచర్ కారు మీద రంగు, పొగ గొట్టం నీడ కనిపించినప్పుడు ‘దీన్ని ఎవరో కూర్చుని చేశారు’ అన్న ఎరుక కలుగుతుంది. లోపం పట్టుకున్నామన్న సంతోషం, పనివాడి మీద అభిమానం ఒకేసారి కలిగే చోటు అది.

మూడోది వేగం, నిర్మొహమాటం. మంచివాడెవరో చెడ్డవాడెవరో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. తొంభై నిమిషాల్లో లెక్క సరిపోతుంది. నాలుగోది సాహసం. పెట్టిన డబ్బు తక్కువైతే పోయేదీ తక్కువే. అందుకే ‘డెత్ రేస్ 2000’ ప్రభుత్వాన్ని వెక్కిరించగలిగింది, ట్రోమా సంస్థ పెద్ద స్టూడియోలు ముట్టుకోని మొరటు హాస్యంతో ఆడుకోగలిగింది.

‘ఎంత చెడ్డదో అంత బాగుంది’ అని నవ్వుకుంటూ చూసేవాళ్లూ ఉన్నారు. సూసన్ సోంటాగ్ 1964 నాటి వ్యాసం ఈ రసాస్వాదనకు ‘క్యాంప్’ అన్న పేరుతో విమర్శలో చోటు కల్పించింది. అయితే నవ్వు కోసం కావాలని చెడగొట్టి తీసినవి త్వరగా మొహం మొత్తుతాయి. వాకాలిగా సినిమా నిలిచింది అందులో ఎవరూ వెటకారంగా నటించనందువల్ల. తుక్కు తుపాకీ పట్టుకున్నవాడు అది నిజమని నమ్మి పట్టుకున్నాడు.

భారతదేశం, తెలుగు నేల

మహారాష్ట్రలోని మాలెగావ్‌లో షేక్ నాసిర్, మరమగ్గాల కార్మికులతో కలిసి హిందీ చిత్రాలకు వీడియోలో పేరడీలు తీసేవాడు. వాళ్లు సూపర్‌మాన్ కథ తీసిన తీరును ఫైజా అహ్మద్ ఖాన్ ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్’ డాక్యుమెంటరీలో చిత్రించింది. మగ్గం మీద పనిచేసే బక్కపలచని షఫీక్ అందులో సూపర్‌మాన్. ఆ బృందం కథనే రీమా కాగ్తీ 2025లో ‘సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలెగావ్’గా తెరకెక్కించింది.

తెలుగువారికి ఈ రుచి కొత్తది కాదు. తీగల మీద మనుషులు ఎగరడం, బాణాలు ఎదురెదురుగా ఢీకొని మంటలు రావడం సురభి నాటకాల్లో వేదిక మీదే జరిగేది. సినిమాలో ఆ పొదుపు విద్యకు పెద్ద పేరు జానపద బ్రహ్మ విఠలాచార్య. వేసిన సెట్టునే అటు తిప్పి ఇటు తిప్పి వాడుకోవడం, కెమెరా ఆపి మనిషిని మాయం చేయడం, కత్తి కాంతారావు చేత మెరుపు వేగంతో పోరాటాలు చేయించడం ఆయన బాణీ. కథానాయకుడు కాల్షీట్లకు సతాయిస్తే మాంత్రికుడి శాపంతో ఆ పాత్రను జంతువుగానో పక్షిగానో మార్చి షూటింగ్ కానిచ్చేవాడని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానిజాలు ఎలా ఉన్నా, డబ్బు చిక్కును కథలో మలుపుగా మార్చడమన్న ఈ శాఖ సూత్రాన్ని ఇంతకంటే బాగా చెప్పే కథ మరోటి లేదు.

దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ ‘రౌడీ రాణి’ (1970)లో విజయలలిత చేత, ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971)లో కృష్ణ చేత చేయించిన పోరాటాలు కౌబాయ్ బొమ్మల కథలకు దగ్గరి బంధువులు. ఎన్.టి. రామారావు కథానాయకుడిగా 1980లో వచ్చిన ‘సూపర్‌మాన్’లో వీరుడికి శక్తులు మరో గ్రహం నుంచి రావు, ఆంజనేయుడి వరంగా వస్తాయి. నలభై నాలుగేళ్ల తర్వాత ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’లోనూ మూలం ఆయనే. 2024 సంక్రాంతికి ‘గుంటూరు కారం’ వంటి పెద్ద తార చిత్రంతో ఒకే రోజున విడుదలైన ఆ సినిమా, అంతకంటే చాలా తక్కువ ఖర్చుతో తయారై దేశమంతా ఆడింది. అంజనాద్రి అనే కల్పిత పల్లె, గోచీ కట్టిన పహిల్వాన్లు, కొండమీది విగ్రహం తెలుగు పిల్లల కథల పుస్తకంలోంచి దిగినట్టే ఉంటాయి.

విమర్శ

ఈ శాఖ మచ్చలు చిన్నవి కావు. 1943 ‘బ్యాట్‌మాన్’ యుద్ధకాలపు జపాన్ వ్యతిరేకతను జాతి ద్వేషంగా ప్రదర్శించింది. విలన్ డాకా పాత్రను తెల్ల నటుడు వేషం వేసుకుని పోషించాడు. వీడియో కాలపు చిత్రాల్లో చాలావాటిలో స్త్రీ పాత్ర పోస్టరు మీది అలంకారంగానో, వీరుడి పగకు సాకుగానో మిగిలింది. హింసను బొమ్మగా చూపే అలవాటు నొప్పిని తేలిక చేస్తుందన్న అభ్యంతరమూ పాతదే.

అన్నిటికంటే తీవ్రమైనది సెట్లో భద్రత. జేమ్స్ ఓబార్ కామిక్ ఆధారంగా తీస్తున్న ‘ది క్రో’ షూటింగులో 1993 మార్చి 31న నటుడు బ్రాండన్ లీ ప్రాణాలు కోల్పోయాడు. ఉత్తుత్తి తూటా ముక్క తుపాకీ గొట్టంలో ఇరుక్కుని ఉండగా, ఎవరూ సరిచూడకుండా దాన్నే మరో దృశ్యంలో పేల్చారు. గోడ కట్టడంలో, తొడుగు కుట్టడంలో చేసే పొదుపు వేరు, మనిషి ప్రాణం దగ్గర చేసే పొదుపు వేరు. మొదటిది ఈ చిత్రాలకు అందమైంది. రెండోదానికి కళ పేరుతో మినహాయింపు లేదు.

నేటి స్థితి

ఫోన్‌తోనే సినిమా తీసి, ఇంట్లోనే గ్రాఫిక్స్ చేసుకోగల కాలంలో పరికరాల కొరత తగ్గింది. ఒకప్పుడు బావా అద్దం మీద గీసిన భవనం ఇప్పుడు కంప్యూటర్‌లో పూట పనిలో తయారవుతుంది. దాంతో ఖాళీలు వదలడం ఇక గత్యంతరం లేక చేసే పని కాదు, దర్శకుడు ఎంచుకోవలసిన పని అయింది. 1948లో కిర్క్ ఆలిన్ చేతులెత్తగానే వచ్చిన కార్టూన్ బొమ్మ డబ్బు లేక వచ్చింది. ఈనాటి దర్శకుడు అలాంటి బొమ్మను పెడితే, ప్రేక్షకుడు తనతో కలిసి ఎగురుతాడన్న నమ్మకంతో పెట్టాలి.